కొత్త పికప్ కొనేముందు స్క్రూడ్రైవర్ తీయండి

మా చర్చిలో బేస్ గిటార్ వాయించే తమ్ముడు ఒకడు వేసవిలో నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, నా బేస్ సౌండ్ అసలు బయటికి రావట్లేదు. పికప్స్ మార్చేద్దామనుకుంటున్నా. ఏవి కొనమంటావ్?" అన్నాడు. చేతిలో ఫోన్, ఫోన్ నిండా రకరకాల పికప్‌ల (తీగల కింద కూర్చుని వాటి ఊపుని కరెంటుగా మార్చే ముక్కల) ఫొటోలు. కొనడానికి డబ్బు కూడా దాచుకున్నాడు.

ముందు బేస్ తీయమన్నాను. జాజ్ బేస్ అనే పాత మోడల్ తరహాలో చేసిన మామూలు నాలుగు తీగల బేస్ అది. తీగలు వేసి రెండేళ్లు దాటింది, వేలితో రాస్తే నల్లగా అంటుకుంటోంది. నెక్ (ఎడమ చేత్తో పట్టుకునే పొడవాటి కాడ) వైపు పికప్ తీగలకి దాదాపు ఆనుకుని ఉంది. బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు బిగించే చోటు) వైపు పికప్ చెక్కలోకి దిగిపోయి ఉంది. రెండు వాల్యూమ్ నాబ్‌లూ పూర్తిగా తిప్పినా వినబడేది నెక్ పికప్ ఒక్కటే, అదీ బురదలో నడుస్తున్నట్టు. ఆ రోజు మేం కొన్నది ఒక సెట్ తీగలు మాత్రమే. మిగతా పనంతా స్టార్ స్క్రూడ్రైవర్‌తోనే అయిపోయింది.

ఇది చెప్పడం పికప్ మార్చడం దండగ అనడానికి కాదు. నేనూ మార్చాను, తేడా స్పష్టంగా విన్నాను. కానీ పికప్ గురించి మాట్లాడుకునేటప్పుడు మనం కంపెనీ పేరుతో మొదలుపెడతాం. నా అనుభవంలో వరుస వేరే. పికప్ తీగ కింద ఎక్కడ ఉంది అన్నది మొదటి ప్రశ్న. తీగకి ఎంత దూరంలో ఉంది అన్నది రెండోది. ఏ రకం, ఏ కంపెనీ అన్నవి ఆ తర్వాతే.

పికప్ వినేది గాలిని కాదు

పికప్ అంటే ఒక చిన్న మైకు అనుకుంటారు చాలామంది. మైకు గాలిలో వచ్చే శబ్దాన్ని పడుతుంది. పికప్‌కి గాలితో పని లేదు. దాని లోపల అయస్కాంతాలు, వాటి చుట్టూ వేల చుట్లు తిప్పిన రాగి తీగ (కాయిల్) ఉంటాయి. మామూలుగా వాడేది 42 గేజ్ తీగ, మందం 0.063 మి.మీ., అంటే తల వెంట్రుక అంత సన్నం. అయస్కాంతం తన పైనున్న ఉక్కు తీగని కూడా కాస్త అయస్కాంతంలా మారుస్తుంది. మనం మీటగానే ఆ తీగ ఊగుతుంది, కాయిల్ గుండా వెళ్లే అయస్కాంత క్షేత్రం మారుతుంది, ఆ మార్పు వల్ల కాయిల్‌లో సన్నని కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రం ఇదే. నాగార్జున సాగర్‌లో టర్బైన్ తిరిగితే కరెంటు పుట్టేది కూడా ఇదే సూత్రం మీద. నైలాన్ తీగలు వేస్తే ఈ పికప్ పలకకపోవడానికి కారణమూ ఇదే: వాటిలో ఇనుము లేదు.

ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతావన్నీ దానంతట అవే విడిపోతాయి. పికప్ తన నెత్తి మీదున్న రెండు మూడు సెంటీమీటర్ల తీగ ముక్కనే వింటుంది. కాబట్టి ఆ ముక్క ఎక్కడుందన్నదే టోన్‌ని నిర్ణయిస్తుంది. అయస్కాంత శక్తి దూరం పెరిగేకొద్దీ చాలా వేగంగా తగ్గిపోతుంది. కాబట్టి ఒక్క మిల్లీమీటరు కూడా చెవికి తెలుస్తుంది. ఇక మారే అయస్కాంత క్షేత్రం ఏది దగ్గర్లో ఉన్నా కాయిల్ దాన్నీ పట్టుకుంటుంది, అది తీగ నుంచి వచ్చిందా ట్యూబ్‌లైట్ చోక్ నుంచి వచ్చిందా అన్నది దానికి తెలియదు. ఆగకుండా గుర్రుమనే హమ్ అనే తలనొప్పి పుట్టేది అక్కడే.

దండెం ఎక్కడ పట్టుకున్నారు

పెరట్లో బట్టలారేసే దండేన్ని ఊపి చూడండి. నడుమ బాగా ఊగుతుంది, కొసన కట్టిన గుంజ దగ్గర కదిలీ కదలనట్టుంటుంది. బేస్ తీగ కూడా అంతే. బ్రిడ్జ్ ఒక గుంజ, నట్ (నెక్ కొసన తీగలు ఆనే పట్టీ) లేదా మనం నొక్కిన ఫ్రెట్ (నెక్ మీది లోహపు గీత) రెండో గుంజ. నెక్ వైపు జరిగేకొద్దీ తీగ ఊపు పెద్దది, శబ్దం లావుగా గుండ్రంగా ఉంటుంది. బ్రిడ్జ్ వైపు జరిగేకొద్దీ ఊపు చిన్నదవుతుంది, కింది స్వరం పలచబడుతుంది, దానితో పాటే పలికే పై స్వరాలు, అంటే హార్మోనిక్స్, పోల్చి చూస్తే ఎక్కువగా వినబడతాయి. ముక్కుతో పలికినట్టుండే ఆ గరుకుదనం అందువల్లే.

అంకెల్లో చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. మామూలు బేస్ స్కేల్ పొడవు, అంటే నట్ నుంచి బ్రిడ్జ్ దాకా, 34 అంగుళాలు. జాజ్ బేస్‌లో నెక్ పికప్ బ్రిడ్జ్ నుంచి దాదాపు 6 అంగుళాల దూరంలో, బ్రిడ్జ్ పికప్ దాదాపు రెండున్నర అంగుళాల దూరంలో ఉంటాయి. తీగని వట్టిగా మీటినప్పుడు మూల స్వరం తాలూకు ఊపు బ్రిడ్జ్ పికప్ మీద, నెక్ పికప్ మీద ఉన్నదానిలో సగం కూడా ఉండదు. అంటే రెండు పికప్‌లూ అచ్చంగా ఒకేలా తయారు చేసి, ఒకే ఎత్తులో బిగించినా, బ్రిడ్జ్‌ది వెనకబడే తీరుతుంది. ఆ తమ్ముడి బేస్‌లో ఉన్నట్టు దాన్ని కిందికి దింపేసి ఉంచితే ఇక వినబడే మాటే లేదు.

ఫలానా ఫ్రెట్ స్థానానికి సూటిగా కింద పికప్ పెడితే అది బంగారు చోటు అని కొందరు అంటారు. హార్మోనిక్స్ లెక్క ప్రకారం చెబుతారు. ఆ లెక్క వట్టి తీగ మీటినంతసేపే నిలుస్తుంది. 12వ ఫ్రెట్ నొక్కారంటే తీగ పొడవు సగమైపోయింది, అదే పికప్ ఇప్పుడు తీగలో పూర్తిగా వేరే చోటుని వింటోంది. పాటలో మనం ఒకే తీగని వట్టిగా వాయిస్తూ కూర్చోం కదా. అందుకే ఆ చర్చలో నేను కాలం వెచ్చించను. నెక్ వైపా, బ్రిడ్జ్ వైపా, ఎంత వైపు అన్నది మాత్రం ప్రతి నోటులోనూ వినబడుతుంది.

మూడు బేస్‌లు

పికప్ రకాలు ఎన్ని పేర్లతో అమ్మినా, ఎక్కువ భాగం మూడు పాత డిజైన్ల సంతానమే. మూడింటిలోనూ ఫెండర్ కంపెనీ పెట్టిన లియో ఫెండర్ చెయ్యి ఉంది.

1951లో ఆయన కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో ప్రెసిషన్ బేస్ తెచ్చాడు. అందులో ఒకే సాదా కాయిల్, ఒక్కో తీగ కింద ఒక్కో అయస్కాంతం. 1957లో ఆ పికప్‌ని రెండు ముక్కలు చేశాడు. లావాటి ఇ, ఎ తీగలకి ఒక ముక్క నెక్ వైపు, సన్నటి డి, జి తీగలకి ఇంకో ముక్క కాస్త బ్రిడ్జ్ వైపు. ఒక్కో తీగ కింద ఇప్పుడు రెండు అయస్కాంతాలు, తీగ వాటి మధ్య ఊగుతుంది. ఇక్కడ తెలివైన పని ఇంకోటుంది: రెండు ముక్కల్లో కాయిల్ చుట్టిన దిశ ఎదురెదురు, అయస్కాంతాల ధ్రువాలు కూడా ఎదురెదురు. బయటి నుంచి వచ్చే హమ్ రెండు కాయిల్స్‌లో ఎదురెదురుగా పుట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. తీగ శబ్దం మాత్రం రెండు మార్పులూ కలిసి మళ్లీ ఒకే దారిలో వస్తుంది. డెబ్బై ఏళ్లు కావస్తున్నా ఈ పికప్ రూపం దాదాపు అలాగే ఉంది. డెట్రాయిట్‌లో మోటౌన్ రికార్డు కంపెనీ కోసం వాయించిన జేమ్స్ జేమర్సన్ చేతిలో ఉన్నది 1962 నాటి ప్రెసిషన్. చదునైన ఫ్లాట్‌వౌండ్ తీగలు, బ్రిడ్జ్ దగ్గర ఒక స్పాంజి. నాబ్‌లు, స్విచ్చులు అని వెతుక్కోనక్కరలేదు, ఉన్నది ఒకే పికప్, ఒకే మాట.

1960లో జాజ్ బేస్ వచ్చింది. రెండు సన్నని సింగిల్ కాయిల్స్, రెండింటికీ వేర్వేరు వాల్యూమ్‌లు. ఇక్కడ నేర్చుకోవలసింది చాలా ఉంది. నెక్ ఒక్కటే పెడితే ప్రెసిషన్‌కి దగ్గరి బంధువు. బ్రిడ్జ్ ఒక్కటే పెడితే బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ ఫ్రెట్‌లు లేని (ఫ్రెట్‌లెస్) బేస్ మీద పాడించిన గొంతు గుర్తొస్తుంది. రెండూ పూర్తిగా తెరిస్తే మూడో శబ్దం వస్తుంది, రెండింటినీ కూడితే వచ్చేది కాదు అది. తీగని రెండు చోట్ల ఒకేసారి విన్నప్పుడు కొన్ని మిడ్ ఫ్రీక్వెన్సీలు ఎదురుపడి తగ్గిపోతాయి, కిందా పైనా మిగులుతాయి. బొటనవేలితో తీగని కొట్టి వాయించే స్లాప్‌కి ఈ శబ్దం ఎంత బాగుంటుందో మార్కస్ మిల్లర్ 1977 జాజ్ బేస్ వింటే తెలుస్తుంది. డెబ్బైల మొదట్లో ఫెండర్ బ్రిడ్జ్ పికప్‌ని ఇంచుమించు 10 మి.మీ. బ్రిడ్జ్ వైపు జరిపింది. ఆ ఒక్క సెంటీమీటరుకే అరవైల బేస్, డెబ్బైల బేస్ అని రెండు గొంతులు ఏర్పడ్డాయి. మనం ఇప్పటికీ బేస్‌లు కొనేటప్పుడు ఆ రెండు పేర్లతో అడుగుతున్నాం. స్థానం అంటే ఎంత విలువో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

మూడోది 1976 నాటి మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే. రెండు కాయిల్స్ పక్కపక్కన ఉండి హమ్‌ని కొట్టేసే ఒకే పెద్ద హంబకర్ పికప్, లావాటి అయస్కాంతాలు, బేస్ లోపలే బ్యాటరీతో నడిచే ప్రీయాంప్ (సిగ్నల్‌ని పెంచే చిన్న సర్క్యూట్). అమెరికన్ డిస్కో బృందం షీక్‌లో బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ వాయించినది ఇదే రకం. గుద్దినట్టు మొదలై వెంటనే తేటగా విడిపోయే శబ్దం.

ఇళయరాజా పాటల్లో బేస్ గీతలు వింటూ పెరిగిన మన చెవికి ఒక అలవాటుంది. బేస్ వెనక నిలబడి గుమ్ముమనడం కాదు, అది కూడా ఒక రాగం నడిపించాలని కోరుకుంటాం. ఆ రకంగా వాయించాలనుకునే పిల్లలు మిడ్స్ (నడిమి శబ్దాలు) తేటగా పలికే పికప్ స్థానాన్ని వెతుక్కోవాలి. అడుగు ఎక్కువగా ఉంటే చాలనుకుంటే ఆ గీత ఎవరికీ వినబడదు.

మీ చుట్టూ ఎవరు వాయిస్తున్నారు

ఏ పికప్ మంచిదని అడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తాను: మీ కీబోర్డ్ ప్లేయర్ ఎడమ చెయ్యి ఎక్కడుంటుంది? మన చర్చిల్లో, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో కీబోర్డ్ వాళ్లు కింది సప్తకం నిండా కార్డ్స్ పట్టేస్తారు. వాళ్లకి బేస్ ప్లేయర్ లేని రోజుల నుంచీ అలవాటు అది. అటువంటి చోట లావుగా మోగే నెక్ పికప్ పెట్టుకుంటే ఇద్దరూ కలిసి ఒక ముద్దైపోతారు. ప్రెసిషన్ తరహా మిడ్స్ గానీ, జాజ్‌లో బ్రిడ్జ్ వైపు కాస్త ఎక్కువ గానీ పెడితే దారి దొరుకుతుంది. రేకుల షెడ్డు, ఖాళీ గోడల ఫంక్షన్ హాలు అయితే కింది శబ్దం ఎలాగూ ప్రతిధ్వనించి రెట్టింపు అవుతుంది, అక్కడ కూడా బ్రిడ్జ్ వైపే నయం.

ఇప్పుడు ఇంకో కారణం కూడా వచ్చింది. ఆరాధన అంతా యూట్యూబ్ లైవ్‌లో వెళుతోంది, చూసేవాళ్లలో ఎక్కువమంది ఫోన్ స్పీకర్‌లో వింటారు. బేస్ ఇ తీగ మూల స్వరం 41 హెర్ట్జ్. అంత కిందిది ఫోన్ స్పీకర్ పలకలేదు. కానీ ఆ స్వరం తాలూకు పై హార్మోనిక్స్ వినబడితే చాలు, కింది స్వరాన్ని మన మెదడే పూరించుకుంటుంది. బ్రిడ్జ్ పికప్‌లో ఆ హార్మోనిక్స్ దండిగా ఉంటాయి. ఇంట్లో కూర్చుని వినే అమ్మకి మీ బేస్ వినబడాలంటే కొద్దిగా గరుకుదనం తప్పదు.

కొనడమే ఖాయమైతే కొన్ని గుంటలు చూసుకుని అడుగెయ్యాలి. కాయిల్ రెసిస్టెన్స్ అంకె చూసి, అది ఎక్కువైతే శబ్దం గొప్పది అనుకోవద్దు. జాజ్ పికప్ ఏడు, ఎనిమిది కిలో ఓమ్స్ దగ్గర, ప్రెసిషన్ పది, పన్నెండు దగ్గర ఉంటాయి. అంతమాత్రాన ప్రెసిషన్ ఒకటిన్నర రెట్లు గొప్పదని కాదు. చుట్లు పెరిగేకొద్దీ అవుట్‌పుట్ పెరిగినా పై ట్రెబుల్ మొద్దుబారుతుంది. ఇక సైజు. ఫెండర్ కొలతల జాజ్ సెట్‌లో నెక్ పికప్ కంటే బ్రిడ్జ్ పికప్ కొంచెం పొడవు, రెండు మూడు మిల్లీమీటర్ల తేడా. మనకి తక్కువ ధరలో దొరికే చాలా బేస్‌లలో రెండూ ఒకే పొడవు ఉంటాయి. స్కేలు పెట్టి కొలవకుండా ఆర్డర్ పెట్టి, తర్వాత బాడీని ఉలితో చెక్కుకున్నవాళ్లు నాకు తెలుసు. చెక్కిన చెక్క తిరిగి రాదు. ఐదు తీగల బేస్ అయితే తీగల మధ్య దూరం కూడా కొలవాలి, లేకపోతే చివరి తీగలు అయస్కాంతాల మీద నుంచి జారిపోతాయి.

ఒక్క పికప్ మాత్రమే మార్చేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కొత్తది, పాతది కలిపి తెరవగానే శబ్దం పలచగా, లోపల ఎవరో గాలి తీసేసినట్టు ఉంటే రెండూ ఎదురు ఫేజ్‌లో, అంటే ఒకదాని సిగ్నల్‌ని ఇంకోటి కొట్టేసేలా, ఉన్నట్టు. చాలా పికప్‌లలో రెండు వైర్లు తారుమారు చేసి సోల్డర్ చేస్తే సరిపోతుంది. కానీ వైర్లు మారిస్తే హమ్ లెక్క కూడా మారుతుందని మరిచిపోవద్దు. జాజ్ సెట్ రెండూ కలిసి తెరిచినప్పుడు నిశ్శబ్దంగా ఉండాలంటే రెండింటి అయస్కాంత ధ్రువాలు ఎదురెదురుగా ఉండి తీరాలి. మామూలు దిక్సూచి తీసుకెళ్లి ఒక్కో పికప్ పైన పెట్టండి. ముల్లు ఒకదాని వైపు ఉత్తరపు కొస, ఇంకోదాని వైపు దక్షిణపు కొస చూపాలి. రెండింటికీ ఒకే కొస తిరిగితే ఆ జత హమ్‌ని చంపదు. ఈ తలనొప్పి వద్దనుకుంటే రెండూ ఒకే సెట్‌గా కొనడమే మేలు.

నాలుగు సిమ్ కార్డులు, ఒక స్క్రూడ్రైవర్

ఇక అసలు పని. ఎత్తు సరిచేసే ముందు కొత్త తీగలు వేసి ట్యూన్ చేయండి. నెక్ వంపు, తీగల ఎత్తు, ఇంటొనేషన్ (పై ఫ్రెట్‌ల దగ్గర కూడా శ్రుతి కుదరడం) సరిచేయాల్సి ఉంటే అవన్నీ ముందే కావాలి. తీగ ఎత్తు తర్వాత మార్చారంటే పికప్ దూరం మళ్లీ మారిపోతుంది. యాంప్‌లో నాబ్‌లన్నీ నడిమికి, బేస్‌లో వాల్యూమ్, టోన్ అన్నీ పూర్తిగా. టోన్ నాబ్ మూసి ఉంచి పికప్‌ని తిట్టేవాళ్లని చూశాను. బ్యాటరీ లేని బేస్‌లో ఆ నాబ్ ట్రెబుల్‌ని కోసెయ్యడమే తప్ప ఏదీ పెంచదు.

కొలవడానికి రూపాయి నాణేలు వాడొద్దు. ఇప్పటి నాణేలు అయస్కాంతానికి అంటుకునే ఉక్కు, పికప్ వాటిని లాగేసుకుంటుంది. మంచి కొలత మన ఇంట్లోనే ఉంది. కొత్త సిమ్ తీసుకున్నప్పుడు సిమ్ ఊడదీసి పారేసే ప్లాస్టిక్ కార్డు గుర్తుందా? దాని మందం 0.76 మి.మీ. ఏటీఎం కార్డుదీ అదే మందం, కానీ వెనక నల్లటి అయస్కాంత పట్టీ ఉంటుంది, దాన్ని పికప్ దగ్గరికి తేవద్దు. సిమ్ కార్డుల్ని సన్నటి పట్టీలుగా కత్తిరించి పెట్టుకోండి.

ఇ తీగని ఆఖరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకోండి. ఇప్పుడు తీగ అడుగు నుంచి దాని కింద అయస్కాంతం పై అంచు దాకా ఉన్న దూరం కొలవాలి. ఫెండర్ తన మామూలు ప్రెసిషన్, జాజ్ పికప్‌లకి ఇచ్చే కొలత ఇ వైపు 2.8 మి.మీ., జి వైపు 2 మి.మీ. ఇ వైపు మూడు పట్టీలు హాయిగా దూరి, నాలుగోది తీగని తాకి పైకి లేపుతుంటే మీరు ఆ దగ్గర్లోనే ఉన్నారు. జి వైపు రెండు దూరి, మూడోది పట్టకూడదు. జాజ్ పికప్‌కి అంచుల్లో నాలుగు స్క్రూలు, ప్రెసిషన్‌లో ఒక్కో ముక్కకి రెండు. కుడి వైపు తిప్పితే దిగుతుంది, ఎడమ వైపు తిప్పితే లేస్తుంది. ఒక్కో స్క్రూ పావు చుట్టు చొప్పున, అన్నీ కలిపి జరపండి. ఒకే పక్కన బిగించుకుంటూ పోతే చెవిలా ఉండే అంచు పగులుతుంది. స్క్రూ వదులు చేసినా పికప్ పైకి రాకపోతే కింద ఉన్న స్పాంజి నలిగి చచ్చిపోయిందని అర్థం. చెప్పుల అడుగుకి వాడే మెత్తటి స్పాంజి ముక్క కోసి పెట్టినా పని చేస్తుంది. ఆ తమ్ముడి బ్రిడ్జ్ పికప్ కింద స్పాంజి పొడిపొడిగా రాలి చేతికి అంటుకుంది, అందుకే అది అలా కూరుకుపోయింది.

ఇక్కడిదాకా కొలత పని, ఇక నుంచి చెవి పని. నెక్ పికప్ ఒక్కటే తెరిచి నాలుగు తీగలూ ఒకే బలంతో, ఐదో ఫ్రెట్ దగ్గర ఒకసారి, 12వ ఫ్రెట్ దగ్గర ఒకసారి వాయించండి. ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటే లెవల్ మీటర్ చూడండి, చెవి ఒక్కోసారి మోసపోతుంది. జి తీగ అరుస్తుంటే ఆ పక్క దింపండి. తర్వాత బ్రిడ్జ్ పికప్. దాన్ని నెక్ పికప్‌తో సమానంగా వినబడేదాకా పైకి తేవాలి. ఒకదాని నుంచి ఇంకోదానికి మారినప్పుడు గొంతు మారాలి కానీ బలం పడిపోకూడదు. బ్రిడ్జ్‌ని ఎంత లేపినా చాలకపోతే నెక్ పికప్‌ని దించండి. దించడానికి చాలామంది జంకుతారు, ఏదో పోగొట్టుకున్నట్టు అనిపిస్తుంది. పోయిన వాల్యూమ్ యాంప్ దగ్గర ఒక నాబ్‌తో తిరిగొస్తుంది. పికప్ దింపితే వచ్చే ఊపిరి, తేటదనం యాంప్‌లో ఏ నాబ్ తిప్పినా రావు.

ఎందుకంటే మరీ దగ్గరైతే అయస్కాంతం తీగని పట్టి లాగుతుంది. తీగ తన దారిన తను ఊగలేదు. ఇ తీగ మీద 15వ ఫ్రెట్ దాటి పైకి వెళ్లి ఒక నోటు పట్టుకుని వినండి. స్వరం తిన్నగా నిలవకుండా అలలు అలలుగా వణుకుతుంటే, ట్యూనర్ ముల్లు స్థిరంగా ఉండకుండా కొట్టుకుంటుంటే, పికప్ చాలా దగ్గరగా ఉంది. ఇంటొనేషన్ చెడిందనుకుని బ్రిడ్జ్ మీద తీగలు ఆనే సాడిల్స్ తిప్పుతూ సాయంత్రం పాడుచేసుకోకండి. పికప్ అర మిల్లీమీటరు దింపి మళ్లీ వినండి.

ఈ పనికి నాకు ఇప్పటికీ గంటన్నర పడుతుంది. మధ్యలో ఒకసారి టీ తాగడానికి లేస్తాను, చెవికి విశ్రాంతి కావాలి.

మూడో ఫ్రెట్ దగ్గరి హమ్

మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. ఇ తీగ మీద మూడో ఫ్రెట్ జి స్వరం 49 హెర్ట్జ్. అంటే మన హమ్ దాదాపు జి స్వరంలోనే, రవ్వంత ఎక్కువ శ్రుతిలో మోగుతుంది. జి కీలో పాట పాడుతుంటే హమ్ శ్రుతి తప్పిన తంబురాలా వెనక నిలబడి ఉంటుంది. అమెరికాలో 60 హెర్ట్జ్ కాబట్టి అది బి స్వరానికి కాస్త కింద పడుతుంది.

అయితే ప్రతి గుర్రుమనే శబ్దమూ పికప్‌ది కాదు. బేస్ పట్టుకుని నిలబడి మెల్లగా చుట్టూ తిరగండి. ఒక దిశలో పెరిగి ఇంకో దిశలో తగ్గితే అది సింగిల్ కాయిల్ పట్టుకున్న హమ్. జాజ్‌లో రెండు పికప్‌లూ పూర్తిగా తెరిస్తే పోతుంది. ఎప్పుడూ ఒక్క బ్రిడ్జ్ పికప్ మీదే వాయించేవాళ్లకి ఆ దారి లేదు. వాళ్లు కాయిల్స్ ఒకదాని మీద ఒకటి పేర్చిన నాయిస్‌లెస్ పికప్‌లు గానీ, జాజ్ కవర్ లోపలే ప్రెసిషన్‌లా రెండు ముక్కలు ఉన్నవి గానీ కొనుక్కోవచ్చు. పికప్ మార్చడానికి ఇది నిజమైన కారణం, నేను మార్చిందీ ఇందుకే. పైన తళుకు కాస్త తగ్గింది, కానీ సీరియల్ లైట్లు, డిమ్మర్లు ఉన్న పెళ్లి స్టేజీల మీద ఆ నిశ్శబ్దం నాకు ఎక్కువ అవసరం.

చుట్టూ తిరిగినా మారకుండా, తీగల్ని ముట్టుకోగానే ఆగిపోయే జిర్రుమనే శబ్దం వేరు. అది షీల్డింగ్ (బయటి విద్యుత్ గోలని అడ్డుకునే లోహపు తొడుగు) చాలక వస్తుంది. నాబ్‌లుండే గుంటకీ పికప్ గుంటలకీ రాగి టేపు అంటించి, దాన్ని గ్రౌండ్‌కి కలిపితే చాలావరకు తగ్గుతుంది. ముట్టుకుంటే శబ్దం పెరిగితే మాత్రం బ్రిడ్జ్ కిందికి వెళ్లే గ్రౌండ్ వైరు తెగిందేమో చూడాలి, లేదా హాలు ఎర్తింగ్‌లోనే లోపం ఉంది.

ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. తీగల మీద చెయ్యి ఉండగా పెదవి మైకుకి తగిలి జివ్వుమంటే ఆ క్షణమే ఆపండి. యాంప్‌దీ మిక్సర్‌దీ కరెంటు వేర్వేరు చోట్ల నుంచి వస్తూ ఒకదానికి ఎర్త్ లేకపోతే ఇలా జరుగుతుంది. జనరేటర్ మీద నడిచే స్టేజీల్లో నేను రెండుసార్లు చూశాను. సౌండ్ వాళ్లని పిలిచి ఎర్త్ చూపించాల్సిందే, "చిన్న షాకే కదా అన్నా" అని పాట మొదలుపెట్టే పని కాదు. హమ్ పోతుందని యాంప్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ పీకేయడం కూడా ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

బ్యాటరీ గురించి ఒక్క మాట. యాక్టివ్ అంటే రెండు వేర్వేరు సంగతులు. స్టింగ్‌రే లాంటి వాటిలో పికప్ మామూలుదే, దాని తర్వాత ప్రీయాంప్ ఉంటుంది. ఈఎంజీ లాంటి కంపెనీల యాక్టివ్ పికప్‌లలో పికప్ లోపలే చిన్న యాంప్ ఉంటుంది. రెండింటిలోనూ సాధారణంగా కేబుల్ గుచ్చగానే 9 వోల్టుల బ్యాటరీ ఖర్చవడం మొదలవుతుంది. వాయించడం అయ్యాక కేబుల్ పీకేయండి, కేసులో ఒక కొత్త బ్యాటరీ ఎప్పుడూ ఉంచుకోండి.

ఆ తమ్ముడి బేస్ దగ్గర మేం సాయంత్రం ఆరు దాకా కూర్చున్నాం. చివరికి నెక్ పికప్ ఇ వైపు 3.2, జి వైపు 2.5 దగ్గర, బ్రిడ్జ్ పికప్ 2.5, 1.8 దగ్గర ఆగాయి. పుస్తకంలో ఉన్న కొలతలు కావు అవి. గట్టిగా మీటే అతని కుడి చేతికి, మందపాటి అతని తీగలకి సరిపోయినవి. అంకెలన్నీ ఒక చీటీ మీద రాసి, తేదీ వేసి, సిమ్ పట్టీలతో పాటు కేసు జేబులో పెట్టుకున్నాడు. వానలు పడ్డాక గాలిలో తేమకి నెక్ కొద్దిగా వంగుతుంది, అప్పుడు తీగల ఎత్తు మారుతుంది. మళ్లీ కొలిచి పాత అంకెల పక్కనే కొత్తవి రాయమని చెప్పాను. మొన్న శనివారం ప్రాక్టీస్‌కి వచ్చినప్పుడు చూశాను, చీటీ మీద రెండో వరుస ఉంది. నెక్ పికప్ ఇంకో పావు చుట్టు దించాడట.